చలి ఒకరికి, మీట మరొకరి చేతిలో

ఇల్లు చూసుకోమని తాళాలు అప్పజెప్పి వెళ్లిన మనిషి, స్పెయిన్‌లో ఎండ కాచుకుంటూ ఫోన్ తీసి లండన్‌లోని తన ఇంట్లో హీటింగ్‌ను 20 డిగ్రీల నుంచి 17కి దించేయగలడు. ఆ ఇంట్లో అతని కుక్కను కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు కారణం తెలియదు. గోడమీద అంకె మారిందని, రేడియేటర్లు చల్లబడ్డాయని మాత్రమే తెలుస్తుంది. తిరిగి 20కి పెడితే కాసేపటికి మళ్లీ 17. ఇలా రెండు మూడుసార్లు అయ్యాక ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు. అక్కడితో మొహమాటాలు తీరిపోతాయి.

బ్రిటన్‌లో హౌస్ సిట్టింగ్ బాగా పాతుకుపోయిన ఏర్పాటు. యజమానులు సెలవులకు వెళ్తారు. ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి వాళ్లింట్లో ఉండి కుక్కనో పిల్లినో చూసుకుంటాడు. జీతం ఉండదు, అద్దె ఉండదు. ఒకరికి కెనెల్ (డబ్బు తీసుకుని కుక్కలను ఉంచుకునే చోటు) ఖర్చు మిగులుతుంది, ఇంకొకరికి బస ఖర్చు. 2010లో బ్రైటన్‌లో మొదలైన ట్రస్టెడ్‌హౌస్‌సిట్టర్స్ లాంటి వెబ్‌సైట్లు దీన్ని దేశాలు దాటించాయి. రిటైరైన దంపతులు, ల్యాప్‌టాప్‌తో ఎక్కడినుంచైనా పనిచేసుకునేవాళ్లు ఏడాది పొడుగునా ఇలా ఊళ్లు మారుతూ గడిపేస్తుంటారు. వేసవిలో పెద్దగా పేచీలు రావు. అక్టోబరు దాటాకే అసలు సంగతి బయటపడుతుంది.

తగాదా ముదిరింది 2022లో. అక్కడ గ్యాస్, కరెంటు ధరలకు ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ గరిష్ఠ పరిమితి పెడుతుంది. ఆ పరిమితి లెక్కన 2021 అక్టోబరులో సగటు ఇంటి వార్షిక బిల్లు 1,277 పౌండ్లు. 2022 ఏప్రిల్‌కి 1,971 అయింది. అదే ఏడాది అక్టోబరు నుంచి 3,549 అని ప్రకటించేసరికి ప్రభుత్వం కలగజేసుకుని 2,500 దగ్గర ఆపింది. అంతకుముందు హీటింగ్ మీట అయిన థర్మోస్టాట్ వంక చూడని ఇళ్లలో కూడా డిగ్రీలు లెక్కపెట్టడం మొదలైంది. ధరలు తర్వాత కొంత దిగొచ్చినా ఆ అలవాటు పోలేదు.

అలాగని దీన్ని డబ్బు గొడవ అందామంటే లెక్క కుదరదు. థర్మోస్టాట్ ఒక డిగ్రీ తగ్గిస్తే హీటింగ్ ఖర్చులో పది శాతం దాకా ఆదా అని అక్కడ ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్నారు. మధ్యరకం ఇల్లు జనవరిలో వారానికి 400 యూనిట్ల గ్యాస్ కాలుస్తుందని ఉజ్జాయింపుగా అనుకుందాం. యూనిట్ 6 పెన్స్ (వంద పెన్స్ ఒక పౌండ్) చొప్పున 24 పౌండ్లు. రెండు డిగ్రీలు పెంచితే ఇంకో అయిదు పౌండ్లు. ధర 10 పెన్స్ దాటిన 2022 చలికాలంలోనైనా ఎనిమిది పౌండ్ల చిల్లరే. అదే కుక్కను కెనెల్‌లో పెడితే ఒక్క రాత్రికే అంతకు కొన్ని రెట్లవుతుంది. వారానికి అయిదు పౌండ్ల కోసం, వందల పౌండ్లు మిగిల్చిన మనిషితో ఎవరూ పనిగట్టుకుని తగువు పెట్టుకోరు. ఇక్కడ అసలు గొడవ మీట ఎవరి చేతిలో ఉండాలన్నదే. ఇంట్లో కూర్చున్నవాళ్ల చేతిలోనే ఉండాలని నా అభిప్రాయం.

ఎందుకో చెప్పాలంటే టైమ్‌టేబుల్ దగ్గర మొదలుపెట్టాలి. యజమాని థర్మోస్టాట్‌లో పెట్టుకున్న వేళలు అతని దినచర్యకు కొలిచి కుట్టించుకున్నవి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా హీటింగ్ ఆన్, తర్వాత అందరూ ఆఫీసులకు, స్కూళ్లకు వెళ్తారు కాబట్టి ఆఫ్, సాయంత్రం అయిదు నుంచి పది దాకా మళ్లీ ఆన్. ఈ ఏర్పాటుతో వాళ్లు ఏళ్లుగా హాయిగానే ఉన్నారు. హౌస్ సిట్టర్‌కి పెట్టే షరతు ఏమిటో చూడండి. కుక్కను మూడు నాలుగు గంటలకు మించి ఒంటరిగా వదలొద్దు! అంటే ఆ మనిషి పగలంతా ఇంట్లోనే ఉండాలి. ఎవరూ ఉండరనుకుని పెట్టిన వేళల్లో, కచ్చితంగా ఉండి తీరాలన్న మనిషి కూర్చుని ఉంటాడు. 'మాకెప్పుడూ చలి వేయలేదే' అని యజమాని అనే మాట నిజమే. మధ్యాహ్నం రెండింటికి తన ఇల్లు ఎలా ఉంటుందో అతనికి తెలిసే అవకాశం తక్కువ.

పైగా కదలకుండా కూర్చున్న శరీరం సుమారు వంద వాట్ల వేడిని పుట్టిస్తుంది. ఇల్లు తుడుస్తూ, మెట్లెక్కుతూ తిరుగుతుంటే అది రెట్టింపు పైనే. డెన్మార్క్ ఇంజనీరు ఫాంగర్ 1970లో ఈ విషయానికి ఒక లెక్క కట్టాడు. మనిషికి సుఖంగా అనిపించడానికి గాలి ఉష్ణోగ్రత ఒక్కటే చాలదన్నాడు. చుట్టూ గోడల చల్లదనం, గాలిలో తేమ, గాలి వేగం, ఒంటి మీద బట్టలు, చేస్తున్న పని అన్నీ కలుస్తాయి. అన్నీ చక్కగా అమర్చినా నూటికి అయిదుగురికి నచ్చదని కూడా ఆ లెక్కే చెబుతుంది. విక్టోరియా రాణి కాలం నాటి ఇటుక గోడల ఇంట్లో, కిటికీ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నవాళ్లకు 19 డిగ్రీలు 19లా అనిపించవు. చాలా ఇళ్లలో థర్మోస్టాట్ ఉండేది వీధి తలుపు దగ్గరి నడవాలో. ఫోన్‌లో కనబడే అంకె ఆ నడవాది. ఇన్ని అంశాల్లో ఒకదాన్ని, అదీ వేరే గదిలోంచి చూసి, వెయ్యి మైళ్ల దూరం నుంచి 'చాలు' అని తేల్చేయడం ఏ లెక్కన సబబు?

'స్వెటర్ వేసుకోవచ్చుగా' అన్నది బ్రిటన్‌లో దాదాపు జాతీయ సమాధానం. కొంతవరకు న్యాయమైనదే. ఫిబ్రవరిలో ఇంట్లో టీషర్టుతో తిరగాలనుకోవడం గొంతెమ్మ కోరిక. కానీ దానికీ ఒక హద్దుంది. చల్లని దేశాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో చెప్పింది, ముసలివాళ్లకూ జబ్బుగా ఉన్నవాళ్లకూ ఇంకాస్త ఎక్కువ కావాలంది. హౌస్ సిట్టర్లలో అరవై దాటినవాళ్లు ఎందరో. 16 దగ్గర లాక్ చేసి ఆరోగ్యానికి మంచిదనే యజమానికి స్వెటర్ సలహా ఇచ్చే అర్హత లేదు.

కొన్నిసార్లు పాపం యజమాని తప్పేమీ ఉండదు. కొన్ని స్మార్ట్ థర్మోస్టాట్లు యజమాని ఫోన్ ఎక్కడుందో కనిపెట్టి, ఇంటికి దూరంగా ఉంటే హీటింగ్ వాటంతట అవే తగ్గించేస్తాయి. ఫోన్ విమానం ఎక్కగానే ఇల్లు ఖాళీ అని యంత్రం అనుకుంటుంది. సోఫాలో దుప్పటి కప్పుకున్న మనిషి దాని లెక్కలోకి రాడు. ఆ సెట్టింగ్ మార్చి వెళ్లాలని చాలామందికి తట్టదు. దీనికి గొడవపడటం దండగ, ఒక్క ఫోన్ కాల్ చాలు.

తెలిసి చేసేవాళ్లది వేరే కథ. యాప్ తెరిస్తే నిన్న రాత్రి పదకొండింటికి హీటింగ్ పెంచారన్నది కూడా గ్రాఫ్‌లో కనబడుతుంది. చూడటం మొదలయ్యాక చెయ్యి ఊరుకోదు. విడిపోయిన భాగస్వాములను వేధించడానికి ఇంటర్నెట్‌తో నడిచే థర్మోస్టాట్లు, తాళాలు, లైట్లు వాడుతున్నారని 2018లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. హౌస్ సిట్టర్ ఇబ్బందిని ఆ హింసతో పోల్చను. కానీ అకౌంట్ ఎవరి పేరున ఉంటే వాళ్లకే ఇంటి మీద అధికారం, లోపల ఉన్నది ఎవరైనా సరే అన్న పద్ధతి రెండుచోట్లా ఒకటే.

ఆ అధికారం పోతే ఎలా ఉంటుందో ఇళ్ల యజమానులకూ ఒకసారి రుచి తెలిసింది. 2022 ఆగస్టు చివర్లో అమెరికాలోని కొలరాడోలో ఎండ మండిపోతుంటే, ఎక్సెల్ ఎనర్జీ అనే విద్యుత్ సంస్థ సుమారు 22,000 మంది థర్మోస్టాట్లను కొన్ని గంటలపాటు లాక్ చేసింది. సొంత ఇంట్లో సొంత ఏసీ డిగ్రీలను తగ్గించి చల్లబరచుకోలేకపోయారు. రాయితీ కోసం ఆ స్కీములో చేరింది వాళ్లే, షరతుల్లో రాసుంది కూడా. అయినా జనం మండిపడ్డారు. ఆ కోపం నాకు సహజంగానే అనిపించింది. చెమట కారుతున్నప్పుడు షరతులు ఎవరికి గుర్తుంటాయి?

యజమానుల వైపూ గట్టి కారణాలు ఉన్నాయి, కొట్టిపారేయలేం. గ్యాస్ లైన్ లేని పల్లెల్లో హీటింగ్ ఆయిల్ ట్యాంకులే దిక్కు. ఉత్తర ఐర్లాండ్‌లోనైతే ఎక్కువ ఇళ్లు దానిమీదే నడుస్తాయి. ఆఫ్‌జెమ్ పరిమితి దానికి వర్తించదు, ఆయిల్ లారీ పిలవగానే రాదు. ట్యాంకు అడుగంటితే వారం మధ్యలో ఇల్లు మంచుగడ్డే. హీట్ పంప్ (బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడిని లోపలికి లాగే కరెంటు యంత్రం) ఉన్న ఇంట్లో అయితే సిట్టర్‌కి మీట అస్సలు అలవాటు లేనిది. అది నెమ్మదిగా, నిలకడగా నడవాల్సిన యంత్రం. బాయిలర్‌లా చలేసినప్పుడు 24కి పెంచి, ఉక్కపోయగానే ఆపేస్తుంటే ఖర్చు పెరుగుతుంది, ఇల్లూ వేడెక్కదు. కిటికీ తెరిచి హీటింగ్ పెట్టుకునే మహానుభావులూ ఉంటారు. ఇక పైపుల సంగతి. చలికాలంలో ఇల్లు కొంత ఉష్ణోగ్రతకు తగ్గకుండా చూడాలని బీమా కంపెనీలు షరతు పెట్టడం మామూలే. గడ్డకట్టి పైపు పగిలితే నష్టం వేల పౌండ్లలో ఉంటుంది. కాబట్టి కింది హద్దు యజమాని పెట్టాల్సిందే. పై హద్దు 21 అనో 22 అనో చెప్పినా నాకు అభ్యంతరం లేదు. ఆ రెండు హద్దుల మధ్య ఏ గంటకు ఎంత అన్నది మాత్రం లోపలి మనిషిదే.

చట్టం సహాయం చేస్తుందా అంటే, చేయదనే చెప్పాలి. న్యూయార్క్ నగరంలో అద్దెకుండేవాళ్లకు అక్టోబరు 1 నుంచి మే 31 వరకు హీటింగ్ హక్కు ఉంది. బయట 55 ఫారెన్‌హీట్ (సుమారు 13 సెల్సియస్) కంటే తగ్గితే పగలు లోపల కనీసం 68 (20 సెల్సియస్), రాత్రి బయట ఎలా ఉన్నా కనీసం 62 (సుమారు 17 సెల్సియస్) ఉంచాల్సింది ఇంటి ఓనరే. అద్దె కట్టని హౌస్ సిట్టర్ కిరాయిదారు కాదు, ఉద్యోగీ కాదు. చుట్టం అందామంటే చుట్టమూ కాదు. నచ్చకపోతే బయటికి నడవడమే, కానీ కుక్కను వదిలి ఎవరు నడుస్తారు?

మన తెలుగు ఇళ్లలో హౌస్ సిట్టింగ్ పేరు పెద్దగా వినబడదు గానీ ఈ మీట గొడవ తెలిసిందే. బ్రిటన్‌లో చదువుకునే పిల్లలు 'బిల్స్ ఇంక్లూడెడ్' అని గది తీసుకుంటారు, థర్మోస్టాట్ ఓనర్ ఫోన్‌లో ఉంటుంది. డిసెంబరులో ఇండియా ప్రయాణం పెట్టుకున్న న్యూజెర్సీ కుటుంబం హీటర్‌ను 55 ఫారెన్‌హీట్‌కి దించి, మొక్కలకు నీళ్లు పోయమని స్నేహితులకు తాళం ఇస్తుంది. వచ్చి పోయేవాళ్లకు 55 చాలు. వారం రోజులు అక్కడే పడుకోమంటే చాలదు. విజయవాడ నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడైతే ఇంకా సున్నితం. యాప్ అల్లుడి ఫోన్‌లో ఉంటుంది. 68 దగ్గర అత్తగారు శాలువా కప్పుకుని కూర్చుంటారు గానీ 'కాస్త పెంచు నాయనా' అనరు. పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడ, ఆఫీసులో ఉండేది అతను. బ్రిటన్ హౌస్ సిట్టర్ గొడవ పెట్టుకోనైనా పెట్టుకుంటాడు, మనవాళ్లు అదీ చేయరు.

అదనపు గ్యాస్ డబ్బు నేనే ఇస్తానని ముందుకొచ్చే సిట్టర్లు ఉన్నారు. వారం, పది రోజుల బసకు అది అవసరం లేదని నేనంటాను. జీతం లేని పనికి వెచ్చని గది కూడా ప్రతిఫలంలో భాగమే. దానికి విడిగా డబ్బు తీసుకుంటే ఇచ్చిపుచ్చుకోవడం కాస్తా అద్దె అయిపోతుంది. నెల, రెండు నెలల బస అయితే బిల్లులో వాటా అడగడం న్యాయమే, అలా అడిగే యజమానులూ ఉన్నారు. అప్పుడు మాత్రం ఒప్పుకునేటప్పుడే ఎన్ని యూనిట్ల దాకా యజమాని ఖాతా, ఆపైన ఎవరిది అన్నది రాసుకోవాలి. వచ్చిన రోజు మీటర్ ఫోటో ఒకటి, వెళ్లే రోజు ఒకటి తీసి పంపుకుంటే లెక్క తేలిపోతుంది. యాప్ తెరవాల్సిన పని ఇద్దరికీ ఉండదు.