బ్యాంకులపై జెఫర్సన్ ‘హెచ్చరిక’: గాలటిన్‌కు అలాంటి ఉత్తరం వెళ్లలేదు

బ్యాంకుల మీద ఎవరికి కోపం వచ్చినా అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ బొమ్మతో ఒక కార్డు బయటికొస్తుంది. అందులో ఉండేది ఇది: “అమెరికా ప్రజలు కరెన్సీ జారీని ప్రైవేటు బ్యాంకుల చేతిలో పెడితే, ముందు ద్రవ్యోల్బణంతో, తర్వాత ప్రతిద్రవ్యోల్బణంతో ఆ బ్యాంకులూ, వాటి చుట్టూ పెరిగే కార్పొరేషన్లూ జనం ఆస్తంతా ఊడ్చేస్తాయి. తండ్రులు జయించిన ఖండంలోనే పిల్లలు ఇల్లూవాకిలీ లేకుండా కళ్లు తెరుస్తారు. బ్యాంకులు మన స్వేచ్ఛకు సైన్యాల కన్నా ప్రమాదం. జారీ అధికారాన్ని వాటి నుంచి లాక్కుని ప్రజలకు తిరిగివ్వాలి.” కింద ‘ఆర్థిక మంత్రి ఆల్బర్ట్ గాలటిన్‌కు లేఖ, 1802’ అని ఉంటుంది. తోడుగా రెండు వ్యాఖ్యలు: బ్యాంకర్లు ఈ ఉత్తరాన్ని తొక్కిపెట్టారనీ, జెఫర్సన్ జన్మలో బ్యాంకు గడప తొక్కలేదనీ.

“1802లో గాలటిన్‌కు రాశాడు.”

రాయలేదు. ఇంత గట్టిగా చెప్పగలగడానికి కారణం జెఫర్సన్‌లోని గుమాస్తాయే. 1783 నవంబరు నుంచి 1826 జూన్‌లో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు దాకా ఆయన ఉత్తరాల పట్టీ రాసుకున్నాడు. ఒక వరుసలో తాను రాసినవి, పక్క వరుసలో తనకు వచ్చినవి. వచ్చినవాటికి రాసిన తేదీ, అందిన తేదీ రెండూ వేసేవాడు.

పట్టీ కాక నకళ్లు. 1802 నాటికి ఆయన వాడింది కాపీయింగ్ ప్రెస్. ప్రత్యేకమైన సిరాతో ఉత్తరం రాసి, సిరా పాతబడకముందే తడిపిన పల్చటి కాగితం దాని మీద పరిచి ప్రెస్‌లో నొక్కితే కొంత సిరా పై కాగితానికి అంటుకుంటుంది. అక్షరాలు తిరగబడి పడతాయి కాబట్టి ఆ కాగితాన్ని వెనకవైపు నుంచి చదవాలి. తడి ఎక్కువైతే అక్షరాలు అలుక్కుపోతాయి, తక్కువైతే అసలు పడవు. బాగా పడినవీ ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. 1804 నుంచి ఆయన పాలిగ్రాఫ్ అనే జంట కలాల యంత్రానికి మారాడు. అందులో చేతిలోని కలం కదిపితే జోడుగా బిగించిన రెండో కలం పక్క కాగితం మీద అదే రాసుకుపోతుంది.

అంటే ఆయన పంపిన ఉత్తరానికి మామూలుగా మూడు ఆనవాళ్లు ఉంటాయి: పట్టీలో నమోదు, ఆయన దగ్గర నకలు, అందుకున్నవాళ్ల దగ్గర అసలు. గాలటిన్ కాగితాలు న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. ఆ ద్రవ్యోల్బణం వాక్యం మాత్రం గాలటిన్‌కే కాదు, జెఫర్సన్ ఎవరికి రాసినవాటిలోనూ దొరకలేదు. అది అచ్చులో కనిపించడం మొదలైంది 1930ల మాంద్యం రోజుల్లో.

“బ్యాంకర్లు తొక్కిపెట్టారు.”

తొక్కిపెట్టాలంటే ముందు 1803 డిసెంబరు 13 నాటి ఉత్తరాన్ని తొక్కిపెట్టాలి. అది నిజంగానే గాలటిన్‌కు రాసింది. న్యూ ఆర్లీన్స్‌లో మొదటి జాతీయ బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ శాఖ పెట్టే విషయం మీద జెఫర్సన్ విరుచుకుపడ్డాడు. మన రాజ్యాంగ సూత్రాలకూ స్వరూపానికీ ఉన్న పరమ శత్రువుల్లో ఈ సంస్థ ఒకటి అన్నాడు. కార్డులో ఉన్నదానికన్నా ఇదే ఘాటు. ఎవరూ దాచలేదు, ఎప్పుడో అచ్చయింది. తర్వాత జరిగిందాన్నే కార్డులవాళ్లు చెప్పరు: బ్యాంకు అవసరమని గాలటిన్ పట్టుబట్టాడు, 1804 మార్చిలో శాఖకు వీలిచ్చే చట్టం మీద జెఫర్సన్ సంతకం చేశాడు.

“మాటలన్నీ ఆయనవే కదా.”

కొన్ని ఆయనవే, అదే చిక్కు. సైన్యాల పోలిక 1816 మే 28న వర్జీనియా రాజకీయ రచయిత జాన్ టేలర్‌కు రాసిన ఉత్తరంలోది. టేలర్ పంపిన పుస్తకానికి అది జవాబు. రెండో జాతీయ బ్యాంకు చట్టం మీద అప్పటి అధ్యక్షుడు మాడిసన్ సంతకం పెట్టి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. బ్యాంకులు శాశ్వత సైన్యాల కన్నా ప్రమాదమని నీలాగే నేనూ నమ్ముతున్నానని రాసి, అదే వాక్యంలో, రేపటి తరాలు తీర్చేలా ఇవాళ అప్పు చేసి ఖర్చు పెట్టడం భవిష్యత్తును భారీ ఎత్తున మోసగించడమే అన్నాడు. ఆయన కోపంలో సగం సర్కారు అప్పు మీద. కార్డు ఆ సగం కత్తిరించింది.

‘తిరిగివ్వాలి’ అన్న ముక్కకు మూలం 1813లో అల్లుడు జాన్ వేల్స్ ఎప్స్‌కు రాసిన మాట అయి ఉండాలి: బ్యాంకు నోట్లను అణచి, చలామణీని దాని హక్కుదారైన జాతికి తిరిగివ్వాలి. ఎప్స్ అప్పుడు ప్రతినిధుల సభలో ఆర్థిక కమిటీ అధ్యక్షుడు, బ్రిటన్‌తో యుద్ధం నడుస్తోంది. జెఫర్సన్ అడిగింది, గడువులోగా పన్నులతో తీర్చే ట్రెజరీ నోట్లను, అంటే సర్కారు ఖజానా నోట్లను, కాంగ్రెసే జారీ చేయాలని.

ఖండించేవాళ్లూ ఒకచోట తొందరపడతారు. ‘కార్పొరేషన్లు’ అన్న మాట జెఫర్సన్ నోట రాదంటారు. వస్తుంది. 1816 నవంబరులో మాజీ సెనేటర్ జార్జ్ లోగన్‌కు రాస్తూ డబ్బున్న కార్పొరేషన్ల దొరతనాన్ని పుట్టుకలోనే నలిపేయాలన్నాడు. పట్టుబడేది ‘జయించిన ఖండం’ దగ్గర. 1802లో అమెరికా పడమటి హద్దు మిసిసిపీ నది, ఖండం జయించామనే మాటకు అప్పటికి తావు లేదు. లూసియానా కొనుగోలు ఒప్పందం కూడా 1803లోనే.

సొంతంగా సరిచూసుకోవాలంటే అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వారి ఫౌండర్స్ ఆన్‌లైన్ వెబ్‌సైట్ ఉచితం. రాసినవారు జెఫర్సన్, అందుకున్నవారు గాలటిన్, తేదీలు 1802 జనవరి 1 నుంచి డిసెంబరు 31 అని పెట్టి వెతకండి. వాక్యమంతా కొట్టకండి. ‘రిసీవ్’లో ఐ, ఈ అక్షరాలను తారుమారు చేసి రాసే మనిషి ఆయన; పాత ముద్రణలు అలాంటివి సవరించేశాయి. అరుదైన మాటలు రెండు మూడు చాలు. తేదీ, గాలటిన్ పేరు లేకుండా ఇంకోసారి వెతికితే టేలర్ ఉత్తరం తగులుతుంది.

“బ్యాంకు గడప తొక్కలేదు.”

1818లో పెద్ద మనవడికి పిల్లనిచ్చిన విల్సన్ కేరీ నికొలస్ అడిగితే 20,000 డాలర్ల ప్రామిసరీ నోట్లకు జెఫర్సన్ జామీను సంతకం పెట్టాడు. నికొలస్ అప్పుడు ఆ రెండో జాతీయ బ్యాంకు రిచ్మండ్ శాఖకే అధ్యక్షుడు. 1819 సంక్షోభంలో ఆయన దివాలా తీశాడు, 1820లో చనిపోయాడు. అప్పు జెఫర్సన్ మెడకు చుట్టుకుంది. దాని మీద వడ్డీయే ఏడాదికి 1,200 డాలర్లు.