విడుదలకు తీర్పు తేదీ కాదు, నేరం తేదీయే ప్రాతిపదిక కావాలి

యావజ్జీవ ఖైదీ ముందస్తు విడుదలకు శిక్ష పడిన నాటి విధానమే వర్తిస్తుందని, తర్వాత మరింత ఉదారమైనది వస్తే ఆ మేలూ దక్కాలని సుప్రీంకోర్టు 2010లో హరియాణా జగదీశ్ కేసులో తేల్చింది. బాగానే ఉంది కానీ అది సగం న్యాయమే.

తీర్పు తేదీ నిందితుడి చేతిలో ఉంటుందా? హనుమకొండ కోర్టులో వాయిదాలు చూసినవారెవరైనా చెబుతారు. సాక్షి రాడు, ఫోరెన్సిక్ నివేదిక అందదు, జడ్జి బదిలీ అవుతారు. ఒకే నెలలో జరిగిన రెండు హత్యల్లో ఒకదానికి రెండేళ్లలో తీర్పు వస్తుంది, రెండోదానికి ఏడేళ్లు పడుతుంది. ఈలోగా నిబంధన బిగిస్తే కోర్టు జాప్యానికి మూల్యం రెండో ఖైదీ చెల్లించాలి!

ఇది ఊహ కాదు. హత్య వంటి నేరాల్లో యావజ్జీవం పడితే పద్నాలుగేళ్లు జైల్లో ఉండి తీరాలన్న నేర విచారణ స్మృతి (సీఆర్పీసీ) 433ఏ సెక్షన్ 1978 డిసెంబర్ 18న అమల్లోకి వచ్చింది. ఆలోపు కింది కోర్టు తీర్పు వచ్చినవారిని మారూ రాం కేసులో సుప్రీంకోర్టు కాపాడింది. ముందే నేరం చేసినా తీర్పు ఆలస్యమైనవారు ఇరుక్కుపోయారు. నేరం నాటికి లేని అదనపు శిక్ష వేయరాదని రాజ్యాంగం 20(1) అధికరణం చెబుతోంది కదా అంటే, శిక్ష తగ్గింపును నిరాకరించడం శిక్ష పెంచడం కాదని ఆ తీర్పు వాదన. మరి గోడల మధ్య అదనంగా గడిపే ఏళ్లను ఏమనాలి? భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు జరిగిన హత్యకు నేటికీ పాత చట్టమైన ఐపీసీ కిందే శిక్ష వేస్తున్నాం. ఆ పట్టింపు విడుదల దగ్గర ఎందుకు మాయమవుతుంది?

బాధితుల మాటేమిటని అడుగుతారు. గోపాల్‌గంజ్ కలెక్టర్‌గా 1994లో హతుడైన తెలంగాణ బిడ్డ జి. కృష్ణయ్య కేసులో బీహార్ ప్రభుత్వం 2023లో జైలు నిబంధన సడలించి దోషిగా తేలిన మాజీ ఎంపీ ఆనంద్ మోహన్‌ను వదిలింది. దానిపై రేగిన ఆగ్రహం న్యాయమైనదే. అయితే మనిషిని చూసి నిబంధన మార్చే అధికారమే అక్కడి దోషం. నా ఫిర్యాదూ దాని మీదే.

అసలు జబ్బు జీవోల పాలన. ఆగస్టు 15, గాంధీ జయంతి దగ్గరపడితే జైళ్లలో ముందస్తు విడుదల జీవో కోసం ఎదురుచూపులు. ఈసారి ఏ సెక్షన్లను మినహాయిస్తారో అది వచ్చేదాకా తెలియదు. 2021లో ఆస్పత్రి కోసం వరంగల్ కేంద్ర కారాగారాన్ని ఖాళీ చేయించిందీ సర్కారు నిర్ణయమే. ఖైదీలను చర్లపల్లి వంటి జైళ్లకు తరలించారు. ములుగు నుంచి వచ్చే తల్లికి అంతకుముందు ములాఖత్‌కు ఒక పూట కూలి పోయేది. ఇప్పుడు రోజంతా పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. ఏ జడ్జీ వేయని శిక్ష ఇది.

అర్హులైనవారిని దరఖాస్తు లేకున్నా పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. శాసనసభ ఇంకో అడుగు వేసి చట్టమే చేయాలి. నేరం నాటి నిబంధన కన్నా కఠినమైనది ఎవరికీ వర్తించరాదని అందులో రాయాలి. శిక్ష పడి జైల్లో అడుగుపెట్టిన రోజే, విడుదల పరిశీలనకు ఎప్పుడు అర్హత వస్తుందో ఖైదీ చేతికి కాగితం ఇవ్వాలి.