దొంగచూపులు మనకి బాగా వచ్చు, తూకం వెయ్యడమే రాదు

భీమవరంలో ఈ మధ్య కొత్త సరుకు దిగింది. గూఢచారి సంస్థల పద్ధతులతో పోటీ కంపెనీల గుట్టు ఎలా తెలుసుకోవాలో నేర్పుతారట. ఏసీ హాలు, మధ్యాహ్నం బిర్యానీ, ఫీజు సంగతి అడక్కండి. మా రొయ్యల ప్లాంటు తరఫున నేనూ వెళ్లాను. క్లాసు చెప్పినాయన పొద్దుటి నుంచీ అవతలి కంపెనీలో మనిషిని ఎలా పెట్టాలి, గుమస్తాని ఎలా మంచి చేసుకోవాలి అనే చెప్పాడు.

ఆయ్, గోదావరి జిల్లాలవాళ్లకి ఇది నేర్పాలా అండీ? ఎవరి చెరువులో ఎన్ని టన్నులు వచ్చాయో పట్టిన రొయ్యల బండి గట్టు దిగకముందే పక్క ఊరికి తెలిసిపోతుంది. ఐస్ ఫ్యాక్టరీ గుమస్తా, లారీ డ్రైవరు, గేటు ఎదురు టీ కొట్టు... కబురు తేవడంలో మనల్ని మించినవాడు లేడు. వచ్చిన కబురు నిజమో కాదో తేల్చుకోవడం దగ్గరే చతికిలపడతాం. ఆ సంస్థల దగ్గర నేర్చుకోవాల్సినది ఏదైనా ఉంటే ఇదే. దాని గురించి ఆ హాల్లో ఒక్క ముక్క లేదు.

ఉండి ఊరి దగ్గర మా బావమరిదికి చెరువులున్నాయి. ఒక రాత్రి ఫోను. "బావా, సోమవారం నుంచి వంద కౌంటుకి ఇరవై రూపాయలు తగ్గిస్తారంట. రేపు పట్టేస్తున్నా." కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క.

"ఎవరు చెప్పార్రా?"

"ముగ్గురు చెప్పారు. మేత డీలరు, పక్క చెరువాయన, మన కమీషన్ ఏజెంటు."

"డీలరుకి ఎవరు చెప్పారు?"

"ఏజెంటే."

"పక్క చెరువాయనకి?"

కాసేపు మాట లేదు. "ఆయనకీ ఏజెంటే చెప్పుంటాడులే."

ముగ్గురు కాదు, ఒక్కడే మూడు నోళ్లతో మాట్లాడాడు. పైగా ఆ ఏజెంటుకి ఆ వారం సరుకు కావాలి. అయినా మావాడు వినలేదు, పట్టేశాడు. సోమవారం రేటు కదల్లేదు. ఇంకొన్నాళ్లు మేత వేసుంటే కౌంటు మెరుగుపడేది.

కౌటిల్యుడు ఈ సంగతి అర్థశాస్త్రంలో ఎప్పుడో చెప్పాడు. గూఢచారులు ఒకరికొకరు తెలియకూడదు, అలాంటి ముగ్గురి మాట ఒక్కటైతేనే నమ్మాలి అన్నాడు. వర్తకుడి వేషంలో తిరిగే చారుడు కూడా ఆయన జాబితాలో ఉన్నాడు, వైదేహకుడని. పెద్ద పెద్ద సంస్థలే ఇక్కడ బోల్తా పడ్డాయి. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు సంచార జీవాయుధ ప్రయోగశాలలున్నాయని అమెరికా ఐక్యరాజ్యసమితిలో చెప్పిన మాటకి ప్రధాన ఆధారం జర్మనీ చేరిన ఒకే ఒక్క ఇరాకీ ఇంజనీరు. అతను చెప్పింది కట్టుకథ.

అందుకే గూఢచారి సంస్థల్లో ఒక పాత పద్ధతి ఉంది. చెప్పిన మనిషికి ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం, చెప్పిన కబురుకి 1 నుంచి 6 దాకా ఒక అంకె. ఏ అంటే పూర్తిగా నమ్మొచ్చు, ఎఫ్ అంటే ఇంకా తేల్చలేం. మనిషి వేరు, కబురు వేరు. మనం రెంటినీ కలిపేస్తాం. "మా మావయ్య అబద్ధం చెప్పడు" అంటాం. చెప్పడు, నిజమే. ఆయనకి చెప్పినవాడి సంగతేంటి?

అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్ ఇంకొకటి నేర్పాడు. ఒక ఊహని పట్టుకుని దానికి సాక్ష్యాలు ఏరుకోవద్దు. ఊహలన్నీ పక్కపక్కన రాసి, ఏది ఏ సాక్ష్యంతో కొట్టుకుపోతుందో చూడు అన్నాడు. మొన్న మాకు దగ్గర్లోని ఒక ప్లాంటు కొనుగోళ్లు ఆపింది. సాయంత్రానికల్లా "దివాలా అంట". కోల్డ్ స్టోరేజీ నిండిందేమో? కంటైనరు తిరిగొచ్చిందేమో? బాపట్ల వైపు నుంచి సరుకు తెచ్చుకుంటున్నారేమో? రోడ్డు మీద నిలబడి చూస్తే చాలు. రొయ్యల తల వలిచే ఆడవాళ్ల బస్సు రోజూ నిండుగానే లోపలికి వెళ్తోంది. జీతం రాదన్న అనుమానముంటే ముందు ఖాళీ అయ్యేది ఆ బస్సే. దివాలా ఊహ అక్కడే సగం చచ్చింది. దీనికి ఎవరి గుమస్తానీ కొనక్కర్లేదు.

కొంటే ఏమవుతుందో కూడా చూడండి. 2001లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తరఫు మనుషులు పోటీ కంపెనీ యూనిలీవర్ చెత్తబుట్టలు వెతికారని బయటపడితే డబ్బు కట్టి రాజీ చేసుకోవాల్సొచ్చింది. మన దేశంలో వ్యాపార రహస్యాలకంటూ ప్రత్యేక చట్టం లేదని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. అలాంటి చట్టానికి లా కమిషన్ 2024లోనే ముసాయిదా ఇచ్చింది. అది రాకపోయినా దొంగతనం కేసుకి పాత సెక్షన్లు చాలు.

అసలు దాచినదానికంటే బయట పడున్నదే ఎక్కువ. కంపెనీ ఏ బ్యాంకుకి ఏం తాకట్టు పెట్టిందో కంపెనీల రిజిస్ట్రారు దగ్గర ఉంటుంది. అమెరికా ఏ సరుకు వెనక్కి పంపిందో వాళ్ల ఆహార, మందుల తనిఖీ సంస్థ ఎఫ్‌డీఏ కంపెనీల పేర్లతో సహా పెడుతుంది. ఎక్వడార్ రొయ్యల ఎగుమతి లెక్కలు అక్కడి సంఘమే ప్రతి నెలా ఇస్తుంది. మన రేటుని తిప్పేది ఆ దేశమైతే మనం పక్క ప్లాంటు గోడ ఎక్కుతాం! 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది కదా, రెండో పాతిక శాతాన్ని 6న ప్రకటించి 27 నుంచి అమలు చేసింది. ఆ మూడు వారాలూ మనవాళ్లు టీ కొట్టు దగ్గర ఎవరి బండి ఎటు వెళ్లిందని లెక్కపెడుతున్నారు.

ఆ క్లాసు అయ్యాక నేనే కొనుగోళ్ల సెక్షన్లో ఒక పుస్తకం పెట్టాను. తేదీ, కబురు, చెప్పినవాడు, వాడికెవరు చెప్పారు, వాడికేం లాభం, అక్షరం, అంకె, చివరికి ఏం జరిగింది. కబుర్లు ఎక్కువగా మోసుకొచ్చే మా యజమాని గారి తోడల్లుడికి డి పడింది. ఆయన ఇప్పుడు నాతో మాట్లాడట్లేదు. పుస్తకం మాత్రం నడుస్తోంది. గళ్లు ఎలా గీశానో ఎవరికైనా కావాలంటే అడగండి, ఆయన పేరున్న పేజీ వదిలేసి ఫొటో పంపుతాను.