నేర్చుకునేవాళ్లకు జీతమా, ఎంత మాట!

ప్రభుత్వ బడుల్లో టీచర్ శిక్షణను ఉద్యోగంగా మార్చాలనీ, నేర్చుకునే రోజుల్లోనే నెలనెలా జీతం ఇవ్వాలనీ కొందరు అంటున్నారు. పన్ను కట్టే పౌరుడిగా దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. ఇంగ్లండ్‌లో 2018 నుంచి ఇలాంటి అప్రెంటిస్‌షిప్ ఉంది. డిగ్రీ అయినవాళ్లు బడిలో చేరి, సీనియర్ల పక్కన పనిచేస్తూ నేర్చుకుంటారు, జీతమూ తీసుకుంటారు. వాళ్లది చలిదేశం, ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. మనకేం ఖర్మ?

మన తెలంగాణ పద్ధతి చూడండి. ముందు ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాయాలి. తర్వాత ఫీజు కట్టి బీఈడీలో చేరాలి. ఏడాదిలో అయిపోయే కోర్సును 2015 నుంచి రెండేళ్లు చేసి, రెండో ఏడాది ఫీజు కట్టే భాగ్యం కూడా కల్పించారు. అందులో 16 వారాల ఇంటర్న్‌షిప్. అంటే నాలుగు నెలలు బడికి వెళ్లి, సెలవు పెట్టిన సార్ల క్లాసులన్నీ చూసుకుంటూ, చార్టులకూ థర్మాకోల్‌కూ బస్సుకూ సొంత డబ్బు పెట్టుకోవడం. (బస్సు ఖర్చు మగపిల్లలకే. ఆడపిల్లలకు మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఉంది. టీచర్ శిక్షణ మీద ప్రభుత్వం తనకు తెలియకుండా పెడుతున్న ఖర్చు అదొక్కటే, ఎవరికీ చెప్పకండి.)

సైకాలజీ పుస్తకంలో నేర్చుకోవడం మీద ప్రయోగాల పాఠం తెరిస్తే పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ వరసగా కూర్చుని ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో డీఎస్సీకి, అంటే టీచర్ పోస్టుల పరీక్షకు చదివే అభ్యర్థిని అర్ధరాత్రి లేపి అడిగినా ఆ చింపాంజీ పేరు సుల్తాన్ అని చెప్పి మళ్లీ పడుకుంటాడు. పాఠకులు ఒక సంగతి గమనించాలి. కుక్కకు మాంసం పొడి పెట్టారు. పిల్లి గడియ తీసుకుని బయటికొస్తే చేప దొరికింది. ఎలుక మీట నొక్కితే మేత పడింది. సుల్తాన్‌కు అరటిపండు. నేర్చుకున్నందుకు ఏమీ ముట్టనిది, వీటి గురించి చదివే మనిషికి ఒక్కడికే. దీన్ని కొందరు అన్యాయం అంటారు. నేను మానవ గౌరవం అంటాను. జంతువుకూ మనిషికీ ఆ మాత్రం తేడా ఉండొద్దూ?

మా అపార్ట్‌మెంట్‌లో బీఈడీ చదివే అమ్మాయి ఒకసారి లిఫ్ట్‌లో పట్టుకుంది. ‘‘అంకుల్, మా అన్న సీఏ ఆఫీసుల ఆర్టికల్స్ చేస్తుండు, వాడికి స్టైపెండ్ ఇస్తున్నరు. గాంధీ ఆసుపత్రిల హౌస్ సర్జన్లకు ఇస్తున్నరు. మేం బడికి పోయి రోజుకు నాలుగు పీరియడ్లు చెప్తే పైసా లేదు. ఎందుకు?’’ అంది. ఓపిగ్గా వివరించాను. ఆడిట్‌లో తప్పు జరిగితే కంపెనీకి డబ్బు పోతుంది. ఆసుపత్రిలో తప్పు జరిగితే ప్రాణం పోతుంది. ముస్సోరీలో ఇంకా శిక్షణలోనే ఉన్న ఐఏఎస్‌కు నెలకు 56,100 మూలవేతనం ఎందుకంటే, రేపు జిల్లా అప్పగించాలి. టీచర్‌కు అప్పగించేది పిల్లలనే కదా, అదీ సర్కారు బడి పిల్లలను. వాళ్ల అమ్మానాన్నలు బడికొచ్చి నిలదీసేవాళ్లు కారు, పొద్దున్నే అడ్డా మీద కూలి కోసం నిలబడేవాళ్లు. అమ్మాయి మూడో ఫ్లోర్‌లో దిగిపోయింది. ఒప్పుకుందనే అనుకుంటున్నాను.

పైగా మనకు పాత అనుభవం ఉంది. 1980లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను పెట్టారు. ఏమైంది? ఆ సర్వీసునూ లెక్కలో వేసుకుని జీతం పెంచాలని, అంటే నోషనల్ ఇంక్రిమెంట్లు కావాలంటూ దశాబ్దాల పాటు తిరిగారు. తెలంగాణలో విద్యా వలంటీర్లకు 12,000 ఇచ్చి చూశాం, రెగ్యులర్ ఎప్పుడు చేస్తారని వాళ్లూ అడిగారు. ఎంతో కొంత ఇస్తేనే చిక్కంతా. సున్నాకు అరియర్స్ ఉండవు.

ఇంకో ప్రమాదం ఉంది, నా అసలు భయం అదే. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు. రాతపరీక్షకు 80 మార్కులు, టీచర్ అర్హత పరీక్ష టెట్ వెయిటేజీ 20. ఈ నూరు మార్కుల దారిలో ఎక్కడా ఒక్క పిల్లవాడు కూడా అడ్డురాడు. బోర్డు ముందు నిలబడక్కర్లేదు, నోరు విప్పక్కర్లేదు, కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ నొక్కితే చాలు. అదే రెండేళ్లు జీతమిచ్చి బడిలో ఉంచారనుకోండి, ఎవరికి పాఠం చెప్పడం వచ్చో, ఎవరికి రాదో పక్క క్లాసు టీచరమ్మకు తెలిసిపోతుంది. పిల్లలకైతే వారంలోనే తెలిసిపోతుంది. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ ఏం కావాలి? కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు, వీటి మీద బతికే కుటుంబాలు? దేశంలో విడిగా నడిచే టీచర్ శిక్షణ సంస్థలు పదివేల పైచిలుకనీ, వాటిలో ఎక్కువ భాగం శిక్షణ మానేసి డిగ్రీలు అమ్ముతున్నాయనీ సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో తేల్చిన మాటను 2020 జాతీయ విద్యా విధానంలోనే రాసుకున్నారు. అందరూ దాన్ని తిట్టుగా చదివారు. క్లాసుకు రానక్కర్లేకుండా, రికార్డులు కూడా ఎవరో ఒకరు రాసిపెట్టేలా అభ్యర్థి సమయాన్ని ఇంతగా గౌరవించే వ్యవస్థ ఇంకెక్కడుంది?

ఇంత చెప్పినా ప్రభుత్వం ఇస్తానని మొండికేస్తే, కనీసం పద్ధతిగా ఇవ్వాలి. ట్రైనీ హాజరును హెచ్ఎం ధ్రువీకరించాలి, ఆ సంతకాన్ని డిప్యూటీ ఈవో, ఆయన సంతకాన్ని డీఈవో. హెచ్ఎం పోస్టు ఖాళీ అయితే భర్తీ అయ్యేదాకా ఆగాలి. తర్వాత బిల్లు ట్రెజరీకి వెళ్లి, టోకెన్ పడి, రిజర్వ్ బ్యాంకు చెల్లింపుల వ్యవస్థ ఈ-కుబేర్‌లో చేరుతుంది. అక్కడ మెడికల్ బిల్లులు, సరెండర్ లీవులు, రిటైరైన సార్ల బకాయిలు ముందే క్యూలో ఉన్నాయి. ట్రైనీలు వయసులో చిన్నవాళ్లు కాబట్టి పెద్దల వెనకే నిలబడతారు. అదీ శిక్షణలో భాగమే, ఇంటర్నల్స్‌లో ఓ అయిదు మార్కులు వేస్తే సరి.