రాళ్ల బావ, లెక్కల తమ్ముడు

నవంబర్ ఆఖరి శని, ఆదివారాలు విజయనగరంలో మా అత్తయ్య మేడ మీద యుద్ధమే. ప్రపంచంలోని హామ్‌లంతా, అంటే సరదాకి రేడియో నడిపేవాళ్లంతా, 48 గంటలపాటు చుక్కలూ గీతల మోర్స్ సంకేతాల్లో ఒకరినొకరు పిలుచుకునే సీక్యూ వరల్డ్‌వైడ్ పోటీ అది. మనకి శనివారం తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది. కానీ అసలు పోటీ మా బావకీ, తమ్ముడికీ మధ్యే. లాగ్, అంటే దొరికినవాళ్ల చిట్టా, రాయడం నా పని.

బావది పాత రిసీవర్. అందులో కావలసిన సన్నటి ముక్కనే లోపలికి వదిలే క్వార్ట్జ్ రాతి క్రిస్టల్ ఫిల్టర్లు: 500 హెర్ట్జ్ వెడల్పుది ఒకటి, 250ది ఒకటి. తమ్ముడిది డిజిటల్. యాంటెన్నాలో పడ్డదాన్నంతా ముందు అంకెలుగా మార్చి, తర్వాత లెక్కకట్టి వేరుచేస్తుంది. "వెడల్పు ఎంత కావాలంటే అంత తిప్పుకుంటాను. రాతియుగం వాళ్లకి ఈ సుఖం ఏం తెలుస్తుంది?" అంటాడు.

"నా ఫిల్టరు పెళ్లిపందిరి గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషిరా" అంటాడు బావ. "పిలవనివాణ్ని అక్కడే ఆపేస్తాడు. నీది ఊరందర్నీ పంక్తిలో కూర్చోబెట్టి, ఆనక 'తమరు ఎవరి తాలూకా?' అని అడుగుతాది."

బావ మాటలో నిజం ఉంది. పక్క వీధి హామ్ తన మోర్స్ కీ నొక్కాడంటే తమ్ముడి సెట్టుకి ఊపిరాడదు. తెర తెల్లబోతుంది, తమ్ముడి మొహమూ అంతే. బావ సెట్టు అంతగా చలించదు. అలాగని బావకీ పూర్తి సుఖం లేదు. 250 పెట్టాడంటే చుక్కలు సాగి సాగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, కాస్త పక్క ఫ్రీక్వెన్సీలో పిలిచినవాడు అసలు వినపడడు. వినపడకపోయినా అందరికీ "599" కొట్టాల్సిందే. అంటే, "బ్రహ్మాండంగా వినపడుతున్నావు." వెంటనే, "ఇంతకీ నువ్వెవరు?"

మొన్నటి పోటీలో శనివారం ఆరు దాటింది. 7 మెగాహెర్ట్జ్‌లో బ్రెజిల్ వాడొకడు సన్నగా తేలాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఇంతలో రెండు సెట్లలోనూ గర్ర్‌మని ఒకటే రొద!

"నీ కంప్యూటరేరా!" అన్నాడు బావ. తమ్ముడు ఆపేశాడు. రొద ఆగలేదు. "నీ రాళ్లే పాడయ్యుంటాయి!" అన్నాడు తమ్ముడు. బావ 500 నుంచి 250కి మార్చాడు, మూత విప్పాడు, లోపల ఊదాడు కూడా. రొద బ్యాండంతా పరుచుకుంటే ఏ ఫిల్టరు మాత్రం ఏం చేస్తుంది? బ్రెజిల్ వాడి నెత్తిన కూర్చున్న ముక్క వాడితోపాటే లోపలికి వస్తుంది.

"కింద మిక్సీ తిరుగుతోంది" అని చెప్పాను. రెండుసార్లు అరిచాను కూడా. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లకి ఎవరి మాట వినపడుతుంది?

రొద ఆగింది. బ్రెజిల్ వాడూ పోయాడు. అత్తయ్య ఇడ్లీలతో మేడెక్కింది.

మిక్సీ మోటారు బ్రష్షుల దగ్గర లేచే నిప్పురవ్వలే ఈ రొదకి కారణమని తమ్ముడు వివరించాడు. అత్తయ్య శ్రద్ధగా వింది.

"అన్నేసి వేలు పోసి కొన్నారు గదర్రా, నా మిక్సీనొక్కదాన్ని ఆపలేవేటి?"

ఇద్దరూ ఇడ్లీల వైపు చూశారు. సోమవారం తెల్లారేదాకా మిక్సీ వేయొద్దని బావ బతిమాలాడు.

"అయితే చట్నీ రోట్లో నూరుకోండి. నా వల్ల కాదు."

తమ్ముడు మెట్లు దిగి వెళ్లి, కడిగిన పచ్చడిబండ తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "రాయి మీద నమ్మకం నీకే కదా బావా!"