రోడ్డు పక్కన పడుకున్న పైపు గారికి

మహారాజశ్రీ పైపు గారి సముఖానికి,

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ధర్మాబాద్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో లెక్కలు రాసుకునే గుమాస్తా నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నల్లా రాలేదు, అక్కడ మీరు లేవలేదు. కాబట్టి ఇద్దరమూ క్షేమమే.

మీరు మా వీధి మొగదల వచ్చి పడుకుని రెండు వానాకాలాలు గడిచాయి. ఏ పథకం కింద వచ్చారో అడగను. అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు. సగం పేర్లు మరాఠీలో, సగం ఇంగ్లీషులో ఉన్నాయి. నీళ్ళు మాత్రం ఏ భాషలోనూ రాలేదు. మిమ్మల్ని లారీలోంచి దింపిన రోజు కొబ్బరికాయ కొట్టారు. నల్లటి ఒంటికి నీలం చారలతో నిగనిగలాడిపోయారు. అమ్మ కూడా వెళ్ళి చూసొచ్చి, "మంచిగ బలంగనే ఉన్నడు" అంది, పెళ్ళికొడుకును చూసొచ్చినట్టు. ఇప్పుడా నిగనిగ పోయింది. మీ మీద దుప్పట్లు ఆరేస్తున్నారు. పోయిన చలికాలం మా వీధి కుక్క మీ మూడో ముక్కలో ఈనింది. నాలుగు పిల్లలు. పొద్దున్నే ఈ చివర దూరి ఆ చివర బయటికి దొర్లేవి. రికార్డు కోసం చెబుతున్నాను, మీ లోపల మొట్టమొదట పారినవి కుక్కపిల్లలు.

మీ మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. మీ వంశం గురించి ఈ మధ్య కొంత చదివాను. చదివాక మీ మీద గౌరవం పెరిగింది, మిమ్మల్ని ఇక్కడికి పంపినవాళ్ళ మీదే అనుమానం పుట్టింది.

మీ ముత్తాత ఆస్ట్రేలియాలో ఉన్నాడు. పడమటి కొసన ఎడారిలో బంగారం బయటపడింది, తాగడానికి చుక్క లేదు. పెర్త్ దగ్గర హెలెనా నది మీద ముందరింగ్ అనే చోట ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి 530 కిలోమీటర్లు ఇనుప గొట్టం వేసి, ఎనిమిది చోట్ల ఆవిరి పంపులు పెట్టి, నీటిని ఎదురెక్కించి కాల్గూర్లీకి చేర్చారు. 1903 జనవరిలో నీళ్ళు వచ్చాయి. దాన్ని గీసి కట్టించిన ఇంజనీరు ఓకానర్ ఆ నీళ్ళు చూడలేదు. అంత దూరం నీళ్ళు వెళ్ళవని కొందరు, డబ్బు తినేశాడని కొందరు పత్రికల్లో ఆడిపోసుకుంటే, 1902 మార్చిలో ఒక పొద్దున గుర్రమెక్కి సముద్రం ఒడ్డుకు వెళ్ళి తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. మా దగ్గర పైపు రాకపోయినా ఎవరికీ అంత టెన్షన్ ఉండదు లెండి. బిల్లు పాసయితే చాలు, అందరూ నూరేళ్ళు బతుకుతారు.

లిబియాలో మీ పెదనాన్న ఉన్నాడు. నాలుగు మీటర్ల వెడల్పు మనిషి. పేరు మానవ నిర్మిత మహానది, మోసేది ఎడారి కింద వేల ఏళ్ళ నాటి పాతాళగంగ. అమెరికాలో ఇంకొకాయన ఓవెన్స్ లోయ నీళ్ళు 1913లో లాస్ ఏంజెలెస్‌కు పట్టుకుపోయాడు. కొన్నేళ్ళకే అక్కడి సరస్సు ఎండి దుమ్ము లేచింది, కడుపు మండిన రైతులు ఆయనకు డైనమైట్ పెట్టారు. ప్రతి వంశంలోనూ ఇలాంటివాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, అది పెద్దగా పట్టించుకోను.

నాకు నచ్చింది మాత్రం ఇజ్రాయెల్ మనిషి. ఎందుకంటే మా మీద ప్రయోగించింది ఆయన పేరే. మరాఠ్వాడా, అంటే మహారాష్ట్రలో మా వైపు ప్రాంతం, అంతా 11 ఆనకట్టలను పైపులతో ముడేసి వాటర్ గ్రిడ్ చేస్తామని, దాని ప్లాను ఇజ్రాయెల్ ప్రభుత్వ నీటి సంస్థ మెకోరోట్ గీస్తుందని మా పెద్దలు చెప్పారు. సరే, ఆ సంస్థ సొంత ఇంట్లో ఏం చేసిందో చూద్దామని చదివాను. గలిలయ సముద్రం అని చర్చిలో వింటామే, ఆ మంచినీటి సరస్సు నుంచి, అంటే యోర్దాను నది నీళ్ళే, 1964 నుంచి దక్షిణాన ఎడారి వైపు పంపారు. అందులో కొంత మేర గొట్టం వ్యాసం 108 అంగుళాలు. 108! అష్టోత్తరం చదివి వేశారేమో అనుకున్నాను.

చదువుతూ పోతే అసలు సంగతి వేరే ఉంది. పైపు కంటే ముందు అక్కడ మీటరు వచ్చింది. ఎవరి బావిలో నీళ్ళయినా ప్రజలందరివీ అని 1959లోనే చట్టం చేసుకున్నారు. తోడే ప్రతి బిందెకూ లెక్క పెట్టుకున్నారు. వాడిన నీళ్ళను శుద్ధి చేసి దాదాపు మొత్తం మళ్ళీ పొలాలకే మళ్ళిస్తున్నారు. ఇంతా చేసినా కిందన యోర్దాను కాలువంత అయిపోయింది, మృత సముద్రం ఏటా మీటరు చొప్పున దిగిపోతోంది. అదీ చూసుకున్నారు. చివరికి సముద్రపు ఉప్పునీటిని మంచినీరు చేసి, ఆ సరస్సులోకే తిరిగి పంపే ఏర్పాటు చేసుకున్నారు. తీసిన చోట పెట్టడం! గుమాస్తాను కదా, ఆ పద్దు చూసి కళ్ళు చెమర్చాయి. మా ఖాతాల్లో అటువంటి ఎంట్రీ నా సర్వీసులో చూడలేదు.

ఇప్పుడు నా అనుమానం చెబుతాను. మీది ఎడారి మందు. జైసల్మేర్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్లు పడితే గొప్ప. కాల్గూర్లీలో కూడా అంతకంటే కొంచెమే ఎక్కువ. కరువు అని పేరుబడ్డ మా మరాఠ్వాడాలో సగటున 700 అటూఇటూ పడుతుంది, మా నాందేడ్ వైపు ఇంకాస్త ఎక్కువే. జ్వరం లేనివాడికి క్వినైన్ మింగించినట్టు మిమ్మల్ని మాకెందుకు పంపుతున్నారు?

జవాబు నాకు మా మరాఠ్వాడాలోనే ఉన్న లాతూరులో దొరికింది. 2016 ఏప్రిల్‌లో.

మా అక్కను లాతూరు దగ్గర ఒక ఊరికి ఇచ్చాం. ఆ ఏడు మాంజరా ఆనకట్ట అడుగంటింది. మాంజరా అంటే ఎవరో కాదు, మా మంజీరే. బీదర్ మీదుగా సింగూరు, నిజాంసాగర్ చూసుకుంటూ వచ్చి కందకుర్తి దగ్గర మా గోదావరిలో కలుస్తుంది. పుట్టింటి పక్కకు వచ్చే నది మెట్టింట్లో ఎండిపోయింది. లాతూరులో నీళ్ళు పట్టే చోట అయిదుగురికి మించి గుమిగూడవద్దని కలెక్టరు 144 సెక్షన్ పెట్టారు. పంచపాండవులు వస్తే పట్టుకోవచ్చు, ద్రౌపది వస్తే కేసు. ఏప్రిల్ రెండో వారంలో మిరజ్ నుంచి రైలు వచ్చింది. 340 కిలోమీటర్లు, పది వ్యాగన్లు, 5 లక్షల లీటర్ల కృష్ణ నీళ్ళు. ఇంజనుకు పూలదండలు, టీవీ వాళ్ళు, నినాదాలు. ఆగస్టు దాకా అలా వందకు పైగా ట్రిప్పులు తిరిగింది.

అక్క ఫోన్ చేసి, "వస్తే మిఠాయిలు తేకురా, రెండు జార్లు నీళ్ళు తే" అంది. ఆడపిల్ల ఇంటికి చీర, సారె తీసుకెళ్ళడం తెలుసు. ఇరవై లీటర్ల జార్లు రెండు బస్సు మీదికి ఎక్కించి, నాందేడ్‌లో దింపి, మళ్ళీ ఎక్కించి, కండక్టరుతో లగేజీ టికెట్ దగ్గర గొడవపడి తీసుకెళ్ళాను. అక్క మూత తీసి, గ్లాసుతో ముంచి, ముందు తులసికోటలో నాలుగు చుక్కలు పోసి, తర్వాత పిల్లలకిచ్చింది. గ్లాసు అడుగున మిగిలిన గుక్క మళ్ళీ జార్‌లోనే పోయబోయి, నేను చూస్తున్నానని ఆగి, తనే తాగేసింది.

సాయంత్రం బావ పొలానికి తీసుకెళ్ళాడు. చెరకు! సగం ఎండింది, సగం నా ఎత్తున నిలబడి ఉంది. బోరు 700 అడుగులు దింపాడట, అదీ గంట పోసి మూడు గంటలు దగ్గుతుంది.

"బావా, ఇంట్ల తాగనీకె నీళ్ళు లేవు, ఈ చెరకు ఏంది?" అన్నాను.

"బామ్మర్దీ, చెరకు అయితే ఫ్యాక్టరీ కొంటది. సర్కారు రేటు రాసి పెట్టింది. లేటయినా పైసలొస్తయి. కంది ఏస్తే ఎవడు కొంటడో, ఎంతకు కొంటడో నువ్వు రాసిస్తవా? లెక్కలు రాసెటోడివే కదా!"

రాసివ్వలేకపోయాను. బావది తప్పని ఇప్పటికీ అనను. ఫ్యాక్టరీ ఎవరిదో, ఏ పార్టీదో అడిగితే పొలం గట్టు మీద కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. ఏ పార్టీకి లేదు అని అడగమన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని అలవాటు కొద్దీ లెక్క వేశాను. ఇక్కడ కిలో చక్కెర తయారు కావాలంటే చెరకు తాగేది రెండు వేల లీటర్ల పైమాటే. పూలదండలతో వచ్చిన ఆ మొదటి రైలు తెచ్చింది 5 లక్షల లీటర్లు. భాగించండి. రెండున్నర క్వింటాళ్ళ చక్కెర. మా దుకాణం ముందు నిలబడే ట్రాలీ ఆటోలో పట్టేస్తుంది, తాడు కట్టే పని కూడా లేదు. మహారాష్ట్ర మొత్తం సాగులో చెరకు 4 శాతమే, సాగునీటిలో అది తాగేది దాదాపు 70 శాతం అంటారు. అంటే ఆ కరువులోనూ లాతూరు నుంచి రోజూ నీళ్ళు బయటికి వెళ్తూనే ఉన్నాయి, గోనె సంచుల్లో, తెల్లగా, లారీల మీద.

అప్పుడు తట్టింది. బావ పొలంలో నిలబడ్డది ఎవరో కాదు, మీ తమ్ముడే. చూడండి, నిలువునా గొట్టం, జానకొక జాయింటు, లోపల నీళ్ళు. మీరు ఏళ్ళ తరబడి పడుకుని ఉంటే వాడు ఏడాదిలో లేచి నిలబడి, పాతాళం నుంచి నీళ్ళు పీల్చి దేశమంతా సప్లై చేస్తున్నాడు. శంకుస్థాపన లేదు, టెండరు లేదు. ఒక పైపు నీళ్ళు బయటికి తోలుతుంటే, ఆ లోటు తీర్చడానికి ఇంకో పైపు లోపలికి. మధ్యలో అక్క చేతిలో గ్లాసు.

ఇంతకీ మీరు ఎక్కడి నీళ్ళు తెస్తారు? 11 ఆనకట్టలు కలుపుతారన్నారు కదా. 2016లో మాంజరా ఎండినప్పుడు మిగతావి పొంగిపొర్లుతున్నాయా? వాటిలో పెద్దదైన జాయక్‌వాడి కూడా అడుగునే ఉంది. ఖాళీ బిందె మూతికి ఇంకో ఖాళీ బిందె మూతి కలిపితే ఊదుకోవడానికి బాగుంటుంది.

గోదావరి మీ పక్కనే కదా అంటారేమో. ఉంది. బాబ్లీ బ్యారేజీ మా తాలూకాలోనే. 14 గేట్లు, 2.74 టీఎంసీలు. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన క్యాలెండరు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. చుట్టం వచ్చే నాలుగు నెలలూ తలుపు బార్లా తెరిచి, వెళ్ళిపోయాక గడియ పెట్టుకోవడమన్నమాట. ఇక్కడివాళ్ళు మాకు మిగిలిందేముంది అంటారు. అవతల పోచంపాడు కింద వరి వేసే మా మేనమామలు ఆ గేట్ల పేరెత్తితేనే మండిపడతారు. పెళ్ళికి వెళ్ళేముందు టీఎంసీల మాట ఎత్తొద్దని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంటుంది. 2010లో ఆ గేట్లు చూస్తానని చంద్రబాబు నాయుడు ఎమ్మెల్యేలను వెంటేసుకుని వస్తే అరెస్టు చేసి మా ఊరి ఐటీఐలోనే ఉంచారు. ఫిట్టరు కోర్సు ఉన్న చోట అన్ని రోజులున్నా ఎవరూ ఒక్క నల్లా బిగించి వెళ్ళలేదు.

మా ఇంటి నల్లా సంగతి కూడా రాసేస్తాను. నాలుగు రోజులకొకసారి. వచ్చే ముందు గాలి బుస్సుమంటుంది. అమ్మ నాలుగింటికే లేచి నల్లాకు చెవి ఆనించి కూర్చుంటుంది, పసిపిల్ల గుండె విన్నట్టు. బుస్సు వినగానే, "వచ్చినవా తల్లీ" అంటుంది. ఆ వెంటనే పక్కింట్లో మోటారు పెడతారు. తల్లి అటు వెళ్ళిపోతుంది. ఎనిమిదింటికి మేము జార్ కొనుక్కుంటాం.

కాబట్టి మీకు నా మనవి ఒక్కటే. మీరు వచ్చే రోజు వస్తే, దయచేసి ఒంటరిగా రావద్దు. మీ ఇజ్రాయెల్ బంధువు లాగా మీటరును వెంటబెట్టుకు రండి. వీధిలో నల్లాలకు కాదు, ముందు బోర్లకూ ఫ్యాక్టరీలకూ బిగించండి. కందికి రేటు రాసిన కాగితం ఒకటి కూడా మీ కడుపులో చుట్టి తెస్తే బావకు నేనే తీసుకెళ్ళి ఇస్తాను. ఇవి కుదరకపోతే మీరు పడుకున్న చోటే బాగుంది. ఎండాకాలం మీ లోపల చల్లగా ఉంటుందని మా వీధి పిల్లలు చెబుతున్నారు.

ఇట్లు,
మీ రాక కోసం బిందె కడుక్కుని కూర్చున్న
ధర్మాబాద్ గుమాస్తా

తాజా కలం: ఆ కుక్క మళ్ళీ కడుపుతో ఉంది. ఈ నెలలో తవ్వకం మొదలయ్యేట్టుంటే ముందుగా ఒక మాట చెప్పించండి, దాన్ని వేరే చోటికి మార్చాలి. వాల్వుమ్యాన్‌ను అడిగితే, "ఆ పిల్లలకు పిల్లలు పుట్టేదాక టైమున్నది, నువ్వు ఫికర్ జేయకు" అన్నాడు.