బావూ అనే మారణాయుధం

ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో అప్పగించమంటారు. మంచిదే. కత్తుల సంగతీ వదల్లేదు. అలుగు 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటితే ఆయుధం కిందే లెక్క. ఇంటి వాడకానికీ పొలం పనికీ చేసినవాటికి మాత్రం మినహాయింపు. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని నిబంధనలు ఇంత దూరం ఆలోచించి, మా విజయనగరంలో మనిషిని నిలువునా నిరాయుధుణ్ణి చేసే అసలు సరుకు జోలికి పోలేదు. నాలుక. ఎంత సాగదీసినా నాలుగంగుళాలు దాటదు కాబట్టి తప్పించుకుంది.

నిజం ఆయుధాలు దింపించడం ఎంత కష్టమో ఈ గడ్డకి తెలుసు. బొబ్బిలి కోట మీదికి 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఈడ్చుకు రావలసొచ్చింది. 1794లో ఈస్టిండియా కుంపిణీవాళ్లు మా విజయనగరం రాజు చిన విజయరామరాజుగారిని సైన్యం రద్దు చేసుకోమన్నారు, పేష్కషు, అంటే కప్పం, బకాయి కట్టమన్నారు, నెలకి 1200 రూపాయలు పుచ్చుకుని మచిలీపట్నంలో కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. జూలై 10న పద్మనాభం దగ్గర కర్నల్ ప్రెండర్‌గాస్ట్ పటాలానికి ఎదురు నిలిచి ప్రాణాలొదిలారు.

కుంపిణీవాళ్లకి తెలివి చాల్లేదు. ప్రెండర్‌గాస్ట్ బదులు నాకు తెలిసిన ఒక గుమస్తాగారిని పంపి ఉంటే రాజుగారు సాయంత్రానికల్లా మచిలీపట్నం బండెక్కేవారు. భారతంలో ద్రోణుడి చేత విల్లు దింపించడానికి ఒక ఏనుగు చావాలి, ధర్మరాజంతటివాడు నోరు జారాలి. కర్ణుడి కవచానికి సాక్షాత్తూ ఇంద్రుడు బ్రాహ్మడి వేషం కట్టాలి. ఈయనకి గ్లాసుడు టీ చాలు.

నా పొలం కాగితంలో ఇంటిపేరు తప్పు పడి మూడు నెలలైంది. మొన్న సోమవారం సర్వసన్నద్ధంగా బయల్దేరాను. చేతిలో ఫైలు, జేబులో రశీదులు, చంకలో గొడుగు. కోట జంక్షన్ నుంచి ఆఫీసు దాకా ఒకటే మాట నూరుకుంటూ వెళ్లాను: "మీకు జీతాలెందుకండీ?"

గుమ్మంలో కాలు పెట్టానో లేదో మొదటి తూటా.

"రండి బావూ రండి! ఇంత ఎండన పడి ఒచ్చీసినారేటి? ఒరే, ఆ ఫేను ఇటు తిప్పరా!"

ఫ్యాను తిరిగింది. నా రశీదులు ఎగిరాయి. ఆయనే వంగి ఏరిచ్చాడు.

"మీది గజపతినగరం వైపు కదేటి? మా చిన్నత్తనిచ్చింది అటే."

నేను నోరు తెరిచేలోగా బ్రహ్మాస్త్రం వేసేశాడు. "తప్పు మాదే బావూ. ముమ్మాటికీ మాదే."

అలా ఒప్పేసుకున్నవాణ్ణి ఏమని తిడతాం? అప్పటికి టీ కూడా వచ్చింది. ఆయన బల్ల మీద రబ్బరు స్టాంపుకి దసరా ఆయుధపూజనాటి కుంకుమబొట్టు ఇంకా చెరగలేదు. చెరగదు మరి, వాడితే కదా. నేను దానికేసి చూస్తుంటే, "సర్వరు లేదు బావూ, పైసోమవారం చూద్దుం," అన్నాడు. "అలాగే, మీరేం శ్రమపడకండి," అన్నాను. ఈ రెండో మాట నాదేనని ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

అందుకే ప్రభుత్వంవారికి నా విన్నపం. 'బావూ' అనడానికి లైసెన్సు పెట్టాలి. అర్జీలు పుచ్చుకునే రోజున సిబ్బంది చిరునవ్వులన్నీ గేటు దగ్గర డిపాజిట్ చేయించి రశీదివ్వాలి. ఫ్యాను తిప్పించడాన్ని గాలిలోకి కాల్పులుగా, బంధుత్వం ఆరా తియ్యడాన్ని నేరుగా కాల్పులుగా నమోదు చెయ్యాలి. టీకి మూడు నెలలు. పెసరట్టయితే బెయిలివ్వకూడదు. ఇది నాబోటి అమాయకుల ఆత్మరక్షణ సమస్య.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"పనయిందా?"

"పాపం, ఆయనకి షుగరుందట."

"ఇంటిపేరు దిద్దేరా అని!"

"శ్రావణంలో వాళ్ల పెద్దమ్మాయి పెళ్లి. మనం తప్పకుండా వెళ్లాలి."

ఆవిడ నా చేతులకేసి చూసింది, తర్వాత చంకకేసి చూసింది.

"గొడుగేదండీ?"